సముద్రపు అడుగున చమురు పుట్టే రాయి అన్నిచోట్లా ఎందుకు లేదు?

సౌదీ అరేబియాలోని ఘవార్ చమురు క్షేత్రం పొడవు సుమారు 280 కిలోమీటర్లు, వెడల్పు 30 కిలోమీటర్లు. 1948లో బయటపడిన ఈ క్షేత్రం గురించి రాసేవారు ఎక్కువగా చమురును పట్టి ఉంచిన సున్నపురాయి గురించో, దాన్ని పైనుంచి మూసి ఉంచిన, ఉప్పునీరు ఆవిరయ్యాక మిగిలే ఖనిజమైన అన్‌హైడ్రైట్ పొరల గురించో రాస్తారు. చమురు పుట్టింది ఆ రెండింటిలోనూ కాదు. వాటికి దిగువన టువైక్ మౌంటెన్, హనీఫా అనే రెండు శిలాశ్రేణులు ఉన్నాయి. జురాసిక్ కాలంలో నిశ్చలమైన నీటి అడుగున సన్నని చారలు చారలుగా పేరుకున్న సున్నపు బురద గట్టిపడి ఏర్పడిన రాళ్లివి. వీటిలో సేంద్రియ కార్బన్ సగటున 3 నుంచి 5 శాతం ఉంటుంది. తెలుగు పల్లెల నుంచి తరాలుగా మనుషులు బతుకుదెరువుకు వెళ్తున్న ఆ గడ్డకు సంపద తెచ్చిపెట్టింది ఈ బురదే.

ఇలా చమురుకూ గ్యాసుకూ పుట్టినిల్లయిన రాయిని మూలశిల అంటారు. దాని పంపిణీలోని అసమానత చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. భూమి మీద మూడింట రెండు వంతులకు పైగా సముద్రమే. నీటిలో తేలే సూక్ష్మజీవులైన ప్లవకాలు లేని సముద్రం లేదు, బురద లేని అడుగూ లేదు. అయినా మంచి మూలశిల కొన్ని కాలాల్లో, కొన్ని చోట్ల మాత్రమే ఏర్పడింది. జీవం పుష్కలంగా ఉండి, అడుగు నీటిలో ఆక్సిజన్ లేకపోతే మూలశిల ఏర్పడుతుందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. రెండూ నిజమే గానీ, ఆ రెండూ ఉన్నా మూలశిల ఏర్పడని సముద్రాలున్నాయి. చివరికి తీర్పు చెప్పేది భూస్వరూపం: అడుగు ఎంత లోతుగా, ఎంత మూసుకుని ఉంది, పక్క ఖండం నుంచి ఎంత ఒండ్రు దిగింది, సముద్రమట్టం ఎప్పుడు పెరిగింది అన్నవి. వీటిలో ఒండ్రుకు దక్కాల్సినంత ప్రాధాన్యం దక్కలేదు.

ముందుగా లెక్క చూద్దాం. సముద్రంలో ప్లవకాలు తయారుచేసే సేంద్రియ పదార్థంలో నూటికి ఒక పాలు కూడా అడుగు మట్టిలో మిగలదు. దిగుతున్న దారిలోనే చాలాభాగాన్ని సూక్ష్మజీవులు తినేస్తాయి. అడుగుకు చేరిన కొద్దిపాటిని పురుగులూ బ్యాక్టీరియా ఆక్సిజన్ సాయంతో కరిగించేస్తాయి. మిగిలింది మట్టిలో కూరుకుపోయి, లోతుకు దిగి, చమురుకూ గ్యాసుకూ ముడిసరుకైన కెరోజెన్‌గా మారుతుంది. ఉష్ణోగ్రత సుమారు 60 డిగ్రీల సెల్సియస్ దాటాక అందులోంచి చమురు, ఇంకా వేడెక్కితే గ్యాసు విడుదలవుతాయి. సముద్రపు ప్లవకాల కెరోజెన్‌లో హైడ్రోజన్ ఎక్కువ కాబట్టి అది చమురు ఇస్తుంది. నేల మీది చెట్ల కాండాలు, కట్టె నుంచి వచ్చిన కెరోజెన్‌లో హైడ్రోజన్ తక్కువ, అది ప్రధానంగా గ్యాసు ఇస్తుంది. ఈ తేడా ఆంధ్ర తీరంలోని కృష్ణా–గోదావరి చమురు, గ్యాసు ప్రాంతం దగ్గరికి వచ్చేసరికి చాలా అవసరమవుతుంది.

ఆ ఒక్క పాలును మిగిల్చేది ఏమిటన్నదానిపై భూగర్భ శాస్త్రంలో పెద్ద వాదమే నడిచింది. 1980లో డెమైసన్, మూర్ అనే భూగర్భ శాస్త్రవేత్తలు ఆక్సిజన్ లేమి వైపు మొగ్గారు: అడుగున ఆక్సిజన్ లేకపోతే పదార్థం కుళ్లకుండా నిలుస్తుంది, మూలశిలల పటాన్ని ఆక్సిజన్ లేని సముద్రాల పటంగా గీయవచ్చు అన్నారు. 1990లో పెడర్సన్, కాల్వర్ట్ దీన్ని తిరగేశారు. ఆక్సిజన్ లేకపోయినా కుళ్లడం ఆగదని, పైన ఉత్పత్తి ఎక్కువగా ఉన్నచోటే అడుగున కార్బన్ ఎక్కువగా ఉంటుందని వాదించారు. ఈ వాదంలో కొంత భాగం భారత పశ్చిమ తీరం మీదే జరిగింది. అరేబియా సముద్రపు వాలు మీద కొలిచిన కార్బన్‌కు ఆక్సిజన్ లేమి కారణమని గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ పరిశోధకులు అంటే, ఉత్పత్తీ మట్టి రేణువుల పరిమాణమూ కారణమని కాల్వర్ట్ బృందం బదులిచ్చింది.

ఇరుపక్షాలూ పక్కన పెట్టిన సంగతి తెలియాలంటే భారతదేశపు రెండు సముద్రాలను పోల్చితే చాలు. అరేబియా సముద్రంలో నైరుతి రుతుపవనాలు వీచినప్పుడు ఒమన్, సోమాలియా తీరాల వద్ద పోషకాలు నిండిన చల్లటి నీరు లోతు నుంచి పైకి ఉబుకుతుంది, ప్లవకాలు విజృంభిస్తాయి. సుమారు 150 నుంచి 1,200 మీటర్ల లోతు వరకు నీటిలో ఆక్సిజన్ దాదాపు ఉండదు. భారత పశ్చిమ తీరపు వాలు మీద మట్టిలో కార్బన్ చాలాచోట్ల 4 శాతానికి మించి ఉంటుంది. బంగాళాఖాతంలోనూ మధ్య లోతుల్లో ఆక్సిజన్ చాలా తక్కువే. అయినా అక్కడి అడుగు మట్టిలో కార్బన్ చాలావరకు 1 శాతం లోపే.

నదుల మంచినీరు పైపొరగా పరుచుకుని పోషకాలను పైకి రానివ్వదు కాబట్టి బంగాళాఖాతంలో ఉత్పత్తి కొంత తక్కువ. అంతకంటే పెద్ద కారణం ఒండ్రు. గంగ, బ్రహ్మపుత్ర కలిసి ఏడాదికి సుమారు 100 కోట్ల టన్నుల మట్టి మోసుకొస్తాయి. గోదావరి, కృష్ణ, మహానది, ఐరావతి తెచ్చేది దానికి అదనం. పాలలో నీళ్లు కలిపినట్టు, ఆ మట్టిలో కార్బన్ పలచబడిపోతుంది. విచిత్రం ఏమిటంటే, మొత్తం బరువు తీసుకుంటే బంగాళాఖాతం పూడ్చిపెట్టే కార్బన్ తక్కువేమీ కాదు. నేల మీది నుంచి వచ్చి ప్రపంచ సముద్రాల్లో పూడుకుపోయే సేంద్రియ కార్బన్‌లో 10 నుంచి 20 శాతం బెంగాల్ ఫ్యాన్ అనే ఆ ఒక్క ఒండ్రు మేటలోనే చేరుతోందని 2007లో వెలువడిన పరిశోధన లెక్కగట్టింది. మూలశిలకు కావలసింది మాత్రం మొత్తం కాదు, చిక్కదనం. రాతి రేణువుల మధ్య పుట్టిన చమురు ముందు ఆ రాతికే అంటుకుంటుంది. రాయి తడిసి మిగిలినప్పుడే బయటికి కదులుతుంది. అర శాతం కార్బన్ ఉన్న వెయ్యి మీటర్ల మట్టి ఇవ్వలేనిది, 8 శాతం ఉన్న ఇరవై మీటర్ల మట్టి ఇస్తుంది.

అలాగని ఒండ్రు అసలే రాకూడదనీ కాదు. ఆక్సిజన్ ఉన్న నీటి కింద మట్టి మరీ నెమ్మదిగా దిగితే పదార్థం ఏళ్ల తరబడి పైపైనే ఉండి పూర్తిగా కుళ్లిపోతుంది. పసిఫిక్ మధ్యలోని లోతైన అడుగున ఉన్న ఎర్రమట్టిలో కార్బన్ నామమాత్రంగా ఉండటానికి ఇదొక కారణం. అక్కడ కాస్త వేగంగా మట్టి కప్పితే మేలు. ఒక హద్దు దాటాక అదే మట్టి పలచన చేయడం మొదలుపెడుతుంది. ఆక్సిజన్ లేని నీటి కింద ఆ మేలు కూడా అక్కర్లేదు, అక్కడ వచ్చే ప్రతి పిడికెడు మట్టీ నష్టమే. ఉత్పత్తి, నాశనం, పలచన అనే మూడింటినీ కలిపి లెక్కవేయాలన్నది 2000వ దశకం నాటికి చాలామంది ఒప్పుకున్న మాట. ఈ మూడింటి మీదా ఒకేసారి ప్రభావం చూపేది అడుగు ఆకారం.

నల్లసముద్రం దీనికి కళ్లముందున్న ఉదాహరణ. దాని లోతు 2,200 మీటర్ల దాకా ఉంటుంది. బయటి ప్రపంచంతో దానికున్న దారి బాస్ఫరస్ జలసంధి ఒక్కటే, ఆ దారిలోని గడప దగ్గర లోతు 35 మీటర్ల దరిదాపుల్లోనే. మధ్యధరా నుంచి వచ్చే ఉప్పునీరు బరువుగా అడుగుకు దిగుతుంది, డాన్యూబ్ వంటి నదుల మంచినీరు పైన తేలుతుంది. రెండూ కలవవు. సుమారు 150–200 మీటర్ల కింద ఆక్సిజన్ లేదు, హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంది. సుమారు 7,500 ఏళ్ల కిందట ఈ స్థితి నెలకొన్నాక పేరుకున్న నల్ల బురదలో కార్బన్ 10 శాతం దాటుతుంది. ఆ తర్వాత దానిమీద పడిన పొరలో ప్లవకాల సున్నపు గుల్లలు ఎక్కువయ్యేసరికి, నీటిలో ఆక్సిజన్ అప్పటిలాగే లేకపోయినా, కార్బన్ శాతం తగ్గింది. పలచన చేసేది నదుల మట్టే కానక్కర్లేదన్నమాట.

ఇక పాతకాలానికి వెళ్దాం. ఈ విషయంలో సైలూరియన్ కాలపు ఉత్తర ఆఫ్రికా కంటే స్పష్టంగా మాట్లాడే చోటు మరొకటి లేదు. సుమారు 44.5 కోట్ల ఏళ్ల కిందట, సైలూరియన్‌కు ముందరి ఆర్డోవిషియన్ కాలం చివర, ఇప్పటి సహారా దక్షిణ ధ్రువానికి దగ్గర్లో ఉండేది. అప్పటి దక్షిణ మహాఖండమైన గోండ్వానా మీద మంచు పలకలు కదులుతూ నేలను దున్ని లోయలు తవ్వాయి. మంచు కరిగి సముద్రమట్టం పెరిగినప్పుడు నీరు మొదట నిండింది ఆ పల్లాల్లోనే. తీరం లోపలికి జరిగిపోయింది కాబట్టి ఇసుక దూరంగా ఆగిపోయింది. పల్లాల్లో నిలిచిన నీటి అడుగున ఆక్సిజన్ అయిపోయింది. అక్కడ పేరుకున్న, పలకలుగా చీలే బురదరాయి అయిన నల్ల షేల్‌ను అల్జీరియా, లిబియాల్లో టన్నెజుఫ్త్ అనీ, అరేబియాలో కుసైబా అనీ అంటారు. దాని అట్టడుగున ఉండే కొన్ని మీటర్ల నుంచి పాతిక మీటర్ల లోపు పొరలోనే కార్బన్ అత్యధికం, కొన్నిచోట్ల 17 శాతం దాకా. ఆ పొరలో యురేనియం ఎక్కువ కాబట్టి బావిలోకి దించిన గామా కిరణాల పరికరం ఆ లోతుకు రాగానే ముల్లు ఒక్కసారిగా ఎగబాకుతుంది. అందుకే చమురు రంగంలో దానికి వేడి షేల్ అనే పేరు స్థిరపడింది.

ఆ పొర ముక్కను చేతిలోకి తీసుకుని చీలిస్తే కాగితాల కట్టలా విడిపోతుంది. ఒక్కో చార మందం మిల్లీమీటరు కంటే తక్కువ. పురుగు తొలిచిన బొరియ ఒక్కటి కనిపించదు. ఊపిరి ఆడని అడుగున పురుగు బతకలేదనడానికి అదే సాక్ష్యం. చారల మధ్య ఇనుము, గంధకం కలిసిన ఖనిజమైన పైరైట్ రవ్వలు మెరుస్తాయి. చీలిన తలం మీద రంపపు పళ్లలాంటి సన్నని గీతలుంటాయి, అవి గ్రాప్టొలైట్లు. నీటి పైపొరల్లో తేలుతూ బతికి, చచ్చాక కిందపడిన జీవులవి. అడుగున నివసించిన జీవి జాడ దాదాపు ఉండదు. ఈ పొర పల్లాల్లో ఉంటుంది, మిట్టల మీద ఉండదు. నీరు మిట్టల మీదికి ఎక్కేసరికి వేడి షేల్ కాలం ముగిసిపోయింది, అక్కడ పడింది కార్బన్ తక్కువైన మామూలు షేల్. కొద్ది కిలోమీటర్ల దూరంలోని రెండు బావుల్లో ఒకదానిలో అద్భుతమైన మూలశిల, మరొకదానిలో శూన్యం కనిపించడానికి 44 కోట్ల ఏళ్ల నాటి ఆ ఎత్తుపల్లాలే కారణం. ఉత్తర ఆఫ్రికాలో సుమారు 54 నుంచి 25 కోట్ల ఏళ్ల నాటి పాలియోజోయిక్ శిలల నుంచి పుట్టిన చమురు, గ్యాసుల్లో 80–90 శాతానికి ఈ పలుచని పొరే మూలమని అంచనా. 1956లో బయటపడిన అల్జీరియాలోని హస్సీ మెసౌద్ క్షేత్రపు చమురు కూడా సైలూరియన్ షేల్‌దే.

సుమారు 15 కోట్ల ఏళ్ల కిందట, జురాసిక్ చివరికి వచ్చేసరికి పల్లాలను తవ్వింది మంచు కాదు, భూపలకల చీలిక. ఉత్తర సముద్రం కింద వైకింగ్, సెంట్రల్ అనే పగులు లోయలు కుంగి, వాటి అడుగున కిమ్మరిడ్జ్ బురద పేరుకుంది. 1969లో దొరికిన ఎకోఫిస్క్, 1971లో దొరికిన బ్రెంట్ వంటి క్షేత్రాల చమురు అక్కడి నుంచి వచ్చిందే. ఇక్కడ గమనించదగ్గ మేలు ఇంకొకటి ఉంది. బురదను దాచిన పగులు లోయే తర్వాత కోట్ల ఏళ్లపాటు కుంగుతూ, దాన్ని చమురు పుట్టేంత వేడికి చేర్చింది. అంచుల్లో, ఇంగ్లండ్ దక్షిణ తీరపు కొండచరియల్లో, అదే బురద లోతుకు దిగక ఈనాటికీ పచ్చిగానే ఉంది.

అరేబియాలో పరిస్థితి వేరు. భూమధ్యరేఖకు దగ్గర్లో ఉన్న విశాలమైన, లోతు తక్కువ సున్నపు తిన్నె మధ్యలో ఒక పల్లం. చుట్టూ నీరు వెచ్చన. మట్టి మోసుకొచ్చే పెద్ద నది ఏదీ దరిదాపుల్లో లేదు. పలచన చేసే బంకమట్టి రాకపోబట్టే అక్కడి మూలశిల షేల్ కాకుండా సున్నపురాయి అయింది. తర్వాత సముద్రమట్టం తగ్గి, ఆ పల్లం పూడి, పైన చమురు పట్టే రాయి, ఆపైన ఆవిరైపోయిన సముద్రం మిగిల్చిన అన్‌హైడ్రైట్ వరుసగా పడ్డాయి. పర్వతాలను లేపే పెద్ద కదలిక ఏదీ ఆ ప్రాంతాన్ని చెదరగొట్టలేదు. ఘవార్ ఘనత ఒక్క మూలశిలది కాదు గానీ, మొదటి మెట్టు మాత్రం నదులు లేని ఆ సముద్రమే.

క్రెటేషియస్ మధ్యకాలపు కథ ప్రపంచమంతటిది. 1970ల్లో లోతు సముద్రాల్లో తవ్విన బావుల్లో, వేల కిలోమీటర్ల దూరాన ఒకే వయసు నల్ల షేల్‌లు కనిపించడంతో ష్లాంగర్, జెన్‌కిన్స్ 1976లో ఒక ప్రతిపాదన చేశారు: కొన్ని కొద్దిపాటి వ్యవధుల్లో ప్రపంచ సముద్రాల్లో ఆక్సిజన్ విస్తారంగా తగ్గిపోయిందని. వాటిలో ఒకటి 12 కోట్ల ఏళ్ల నాటిది, మరొకటి 9.4 కోట్ల ఏళ్ల నాటిది. సముద్రగర్భ అగ్నిపర్వతాల విజృంభణ, వేడెక్కిన వాతావరణం, ఖండాల మీదికి ఎక్కిన సముద్రం దీనికి తోడయ్యాయి. ఇంత విస్తృతమైన సంఘటన కూడా స్థానిక భూస్వరూపాన్ని దాటలేకపోయింది. 9.4 కోట్ల ఏళ్ల నాటి అదే వ్యవధికి ఇటలీలోని గుబ్బియో దగ్గర మీటరు మందాన నల్ల చార ఉంది. మొరాకోలోని తర్ఫాయా దగ్గర, లోతు నీరు ఉబికే తీరం కాబట్టి, పదుల మీటర్ల నల్లరాయి ఉంది. ఇంగ్లండ్‌లోని ఈస్ట్‌బోర్న్ కొండచరియలో మాత్రం తెల్ల సుద్ద, బూడిదరంగు మట్టి తప్ప నల్ల షేల్ లేదు. అక్కడి నీటికి ఆక్సిజన్ అందుతూనే ఉండేది. వెనెజువెలా మరకైబో ప్రాంతపు చమురుకు మూలమైన లా లూనా రాళ్లూ దాదాపు ఈ కాలానివే.

ఈ కాలాలన్నిటినీ ఒక పట్టికలోకి చేర్చింది 1991లో క్లెమ్మె, ఉల్మిషెక్ చేసిన అధ్యయనం. గత 54 కోట్ల ఏళ్లలో మూడోవంతు కాలాన్ని ఆక్రమించే ఆరు వ్యవధుల మూలశిలలే ప్రపంచ చమురు, గ్యాసు నిల్వల్లో 90 శాతానికి పైగా ఇచ్చాయని వారు తేల్చారు. జురాసిక్ చివరిది 25 శాతం, క్రెటేషియస్ మధ్యది 29 శాతం, సైలూరియన్‌ది 9 శాతం. ఈ లెక్కను విస్తారంగా ఉటంకిస్తారు గానీ, జాగ్రత్తగా చదవాలి. ఇది పుట్టిన చమురు లెక్క కాదు, ఇప్పటిదాకా మిగిలిన చమురు లెక్క. పాత రాళ్ల చమురులో చాలాభాగం పర్వతాలు లేచినప్పుడు ఆవిరైపోయి ఉంటుంది, ఉపరితలానికి చేరి కుళ్లిపోయి ఉంటుంది. ప్రస్తుత నిల్వల్లో దాదాపు 70 శాతం గత 9 కోట్ల ఏళ్లలోపే పుట్టాయని అదే అధ్యయనం చెప్పింది. కాబట్టి సైలూరియన్ సముద్రం జురాసిక్ సముద్రం కంటే పేదదని అనుకోనక్కర్లేదు.

ఇప్పుడు కృష్ణా–గోదావరి. ఏలూరు జిల్లా చింతలపూడి ప్రాంతంలోని రాఘవాపురం పేరు మీద ఒక షేల్ ఉంది. దాని కింద గొల్లపల్లి ఇసుకరాయి, పైన తిరుపతి ఇసుకరాయి. ఈ తిరుపతి ద్వారకా తిరుమలే. ఉపరితలంలో రాఘవాపురం షేల్ తెల్లగా, లేత గోధుమరంగులో ఉంటుంది, ఎండకూ వానకూ అందులోని కార్బన్ పోయి రంగు వెలిసింది. బావుల్లో అదే రాయి ముదురు బూడిదరంగులో వస్తుంది. అందులో సముద్రజీవి అయిన అమ్మొనైట్ గుల్లా, నేల మీది టిలోఫిల్లమ్ మొక్క ఆకూ ఒకే రాతిలో దొరుకుతాయి. ఈ నేల భాగ్యాన్ని నిర్ణయించిన సంగతి ఆ సహవాసంలోనే ఉంది.

సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట భారతదేశం అంటార్కిటికా నుంచి విడిపోతున్నప్పుడు ఈ తీరం ఒక ఇరుకైన కొత్త సముద్రపు అంచు. ఈశాన్యం నుంచి నైరుతికి సాగే పగులు లోయలు, వాటి మధ్య బాపట్ల, తణుకు మిట్టలు. ఆకారం ఉత్తర సముద్రాన్ని తలపిస్తుంది. పల్లాల్లోకి సముద్రం ప్రవేశించి రాఘవాపురం బురద వేసింది, మందం కొన్నిచోట్ల వెయ్యి మీటర్లు దాటుతుంది. అందులో సేంద్రియ కార్బన్ సగటున 2 శాతం పైచిలుకు. చెడ్డదేమీ కాదు. కానీ ఆ పల్లాలకు ఒకవైపు ఖండం ఆనుకునే ఉంది. గోండ్వానా కాలం నుంచీ నదులు పారుతున్న లోయ నోటి దగ్గరే ఉంది. అవి మట్టితో పాటు ఆకులూ కట్టే మోసుకొచ్చాయి. ప్లవకాల కెరోజెన్‌లో చెట్ల కెరోజెన్ కలిసింది, అదే చాలాచోట్ల పైచేయి అయింది. అక్షాంశం కూడా అనుకూలించలేదు. అరేబియా వెచ్చని జలాల్లో ఉన్నప్పుడు ఈ తీరం అంటార్కిటికా పక్కన ఉంది. రాఘవాపురం కంటే పాతదైన పర్మియన్ కాలపు కొమ్ముగూడెం బొగ్గు–షేల్ పొరలు, రాఘవాపురం తర్వాతి కాలపు పాలకొల్లు, వడపర్రు షేల్‌లు కూడా ప్రధానంగా నేల మొక్కల పదార్థం కలిసినవే.

అందువల్లే 1978లో నరసాపురం బావి నుంచి మొదలుకొని నేల మీద దొరికిన నిక్షేపాల్లో గ్యాసుదే పైచేయి. 1995 జనవరి 8న పాశర్లపూడిలో అదుపు తప్పి 65 రోజులు మండిన బావిలోంచి ఎగసిందీ గ్యాసే. చమురు అసలు లేదని కాదు, 1987లో దొరికిన రవ్వ క్షేత్రం ఉంది. ఇక సముద్రంలో 2002లో బయటపడిన, డీ-6 అనే అన్వేషణ బ్లాకులోని డీ-1, డీ-3 నిక్షేపాల గ్యాసు చాలావరకు లోతు వేడి వల్ల పుట్టింది కాదు. లేత ఒండ్రులో సూక్ష్మజీవులు తయారుచేసిన మీథేన్ అది. మూలశిలను పలచన చేసిన గోదావరి ఒండ్రే మరో దారిలో గ్యాసు ఇచ్చింది. నది అంతా నష్టమే అనడం తొందరపాటని దీన్ని బట్టి తెలుస్తుంది.

రాఘవాపురం షేల్ మొత్తం ఒకేలా లేదన్నది ఇంకా ఆసక్తికరమైన విషయం. దాని దిగువ భాగంలో గామా కిరణాలూ విద్యుత్ నిరోధకతా రెండూ ఎక్కువగా చూపే ఒక పొర ఉంది. దాన్ని చమురు ఇంజనీర్లు ప్రత్యేకంగా గుర్తించి షేల్ గ్యాస్ అన్వేషణకు పరిశీలించారు. సముద్రం పల్లాల్లోకి ముందుకు వచ్చి, ఇసుక తీరం వైపు వెనక్కి తగ్గిన దశలో పడిన పొర అది. లిబియాలో వేడి షేల్ ఏర్పడిన తీరే ఇక్కడా చిన్న కొలతలో పనిచేసింది. అలాంటి దశలో నది నోటికి దూరంగా, మిట్టల వెనక చాటున ఉన్న పల్లాల్లో ఒండ్రు మరింత తక్కువగానూ ప్లవకాల వాటా మరింత ఎక్కువగానూ ఉండే అవకాశం ఉంది. డీ-6 బ్లాకులోనే 2006లో దొరికిన ఎంఏ నిక్షేపంలో క్రెటేషియస్ ఇసుకరాళ్ల నుంచి చమురు వచ్చింది. లోతు సముద్రంలో భూకంప తరంగాల సర్వేలు మొదట గీయాల్సింది 12 కోట్ల ఏళ్ల నాటి ఆ మిట్టల, పల్లాల పటాన్నే. ఏ పల్లానికి నది దారి ఉంది, ఏ పల్లానికి లేదు అన్నది తేలితే, ఎక్కడ చమురు కోసం, ఎక్కడ గ్యాసు కోసం బావి వేయాలో చెప్పడం సులువవుతుంది.